కృష్ణ ఒడ్డు నుంచి ఆటపాక దాకా: నీటిపక్షుల స్కెచ్ పుస్తకం

సోమవారం, ప్రకాశం బ్యారేజీ దిగువన

ఫిబ్రవరి మొదటి వారానికి ప్రకాశం బ్యారేజీ దిగువన కృష్ణలో ఇసుక మేటలూ, వాటి మధ్య చిక్కుకున్న నీటి మడుగులూ తప్ప పెద్దగా ప్రవాహం కనిపించదు. 1957లో వాడుకలోకి వచ్చిన ఈ ఆనకట్ట ఎగువన నిలిపిన నీరంతా రెండు వైపులా డెల్టా కాలువల్లోకి మళ్ళిపోగా, గేట్ల కింద మిగిలేది చాలాచోట్ల మోకాలి లోతు నీరే. ఆ మడుగుల్లో చేపలు చిక్కుకుపోతాయి కనుక, చేపల మీద బతికే పక్షులన్నీ అక్కడికే చేరతాయి. విజయవాడ, గుంటూరు పరిసరాల్లోని నీటిపక్షులను ఈ వారమంతా ఆరుబయట కూర్చుని గీయాలనీ, తరువాత వేయబోయే ఒక పెద్ద నీటిరంగు చిత్రానికి కావలసిన అధ్యయనాలను సమకూర్చుకోవాలనీ బయలుదేరిన నాకు, మొదలుపెట్టడానికి ఇంతకన్న మంచి చోటు తోచలేదు.

ఈ పక్షుల ఫొటోలు నా దగ్గర చాలానే ఉన్నాయి. వాటిలో ఈకలు లెక్కపెట్టవచ్చు, కంటి చుట్టూ ఉన్న చర్మం ముడతలు కూడా చూడవచ్చు. కాని ఆ పక్షి తన బరువును ఏ కాలి మీద మోపిందో, మరుక్షణం ఎటు కదలబోతోందో, గాలి దానిని ఎటు నెడుతోందో ఫొటో అంతగా చెప్పదు. ఎదురుగా కూర్చుని చాలాసేపు చూసినవారికే అది తెలుస్తుంది. బరువు ఎక్కడుందో తెలిసిన బొమ్మలో పక్షి నిలబడుతుంది. తెలియని బొమ్మలో ఈకలన్నీ సరిగ్గా ఉన్నా అది కాగితం మీద అతికించినట్టే ఉంటుంది. ఈ ప్రయాణంలో నేను వెతికింది ముఖ్యంగా ఆ బరువునే.

నది తూర్పుకు పారుతుంది కనుక, సీతానగరం వైపు ఒడ్డున కూర్చుని దిగువకు చూస్తే పొద్దున ఎనిమిది దాటేదాకా సూర్యుడు ఎదురుగానే ఉంటాడు. పక్షులన్నీ నల్లని ఆకారాలుగా మాత్రమే కనిపిస్తాయి. ఫొటో తీసేవారికి ఈ వెలుగు పనికిరాదు. నాకు మాత్రం ఇది చాలా విలువైన సమయం, ఎందుకంటే రంగూ ఈకల నమూనా కనిపించనప్పుడు కన్ను ఆకారం మీదే నిలుస్తుంది. మెడ ఎక్కడ మొదలవుతుంది, వీపు వాలు ఎంత, తోక ఆ వాలును కొనసాగిస్తుందా లేక విరుస్తుందా అన్న ప్రశ్నలకు జవాబులు ఆ నలుపులోనే దొరుకుతాయి. 2బీ పెన్సిల్‌తో ఒక్కో ఆకారానికి నాలుగైదు గీతలకు మించకుండా పుటలు నింపాను.

ఎండ కాస్త పక్కకు జరిగాక నల్లతెల్ల లకుముకి పిట్టలు పనిలోకి దిగాయి. మిగతా లకుముకి పిట్టలు చాలావరకు కొమ్మ మీదో తీగ మీదో కూర్చుని అక్కడి నుంచి నీటిలోకి దూకుతాయి. ఇది మాత్రం గాలిలోనే ఒకచోట నిలిచి, రెక్కలు వేగంగా కొట్టుకుంటూ, ముక్కు కిందికి వంచి చేపను వెతుకుతుంది. చిన్న చేప అయితే ఒడ్డుకు రాకుండా ఎగురుతూనే మింగేస్తుంది కూడా. అలా నిలిచినప్పుడు రెక్కలూ తోకా ఎంత కదిలినా తల మాత్రం కదలదు. చూపు చేప మీద నుంచి తప్పకూడదు కనుక, గాలి తోసిన ప్రతిసారీ మెడా ఒళ్ళూ సర్దుకుంటాయి గాని కన్ను అక్కడే ఉంటుంది. అందుకే ఈ పిట్టను గీసేటప్పుడు ముందు కన్ను చుక్క పెట్టి, అక్కడి నుంచి శరీరాన్ని కిందికి వేలాడదీస్తాను. మగపిట్టకు రొమ్ము మీద రెండు నల్లని పట్టీలు, ఆడపిట్టకు మధ్యలో తెగిన ఒకే పట్టీ ఉంటాయి. ఆ పట్టీ వంపు రొమ్ము గుండ్రదనాన్ని ఎంత చక్కగా చూపిస్తుందంటే, వేరే నీడ వేయవలసిన అవసరమే రాలేదు.

ఆరుబయట గీసేవారికి పక్షులు చేసే గొప్ప సాయం ఒకటి ఉంది: అవి ఒకే భంగిమకు మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఒక గీత సగంలో ఉండగా పిట్ట కదిలితే, ఆ బొమ్మను అలాగే వదిలి పక్కన ఇంకొకటి మొదలుపెట్టాలి. కాసేపటికి ఆ పిట్టో, దాని తోటి పిట్టో మొదటి భంగిమలోకి వస్తుంది. అప్పుడు వదిలిన గీత దగ్గరికి తిరిగి వెళ్ళాలి. జ్ఞాపకం నుంచి పూర్తి చేయాలన్న ఆశను అదుపులో పెట్టుకోవడమే ఇందులో కష్టమైన భాగం. జ్ఞాపకం ఎప్పుడూ తనకు ముందే తెలిసిన పక్షిని తెచ్చి పెడుతుంది.

బండరాళ్ళ మీద చిన్న నీటికాకులు రెక్కలు చాచి ఆరబెట్టుకుంటున్నాయి. నీటికాకి ఈకల అంచులు తడుస్తాయి, అందువల్ల ఈకల మధ్య గాలి తక్కువగా నిలుస్తుంది, మునగడం తేలికవుతుంది. ఈదేటప్పుడు దాని వీపు దాదాపు నీటి మట్టానికే ఉండి, మెడా తలా మాత్రమే పైకి కనిపించడానికి కారణం ఇదే. బాతును గీసినట్టు దాన్ని నీటి పైన తేల్చి గీస్తే ఆ పక్షి స్వభావమే మారిపోతుంది. నీటి రేఖను ఎక్కడ గీయాలన్న ఒక్క నిర్ణయంలో అంత ఉంది.

సాయంత్రం రైల్లో గుంటూరు చేరాను.

మంగళవారం, ఉప్పలపాడు

గుంటూరు నుంచి పెదకాకాని మండలంలోని ఉప్పలపాడుకు వెళ్ళే దారిలో, పొలాల పక్కన అక్కడక్కడా మిరప కళ్ళాలు పరిచి ఉన్నాయి. రంగులతో పనిచేసేవారు ఈ దారిలో ఒక జాగ్రత్త తీసుకోవాలి. అంత ఎరుపును చూసిన కన్ను కాసేపటిదాకా మిగతా ఎరుపులను సరిగ్గా తూచలేదు; ఎర్రకాళ్ళ కొంగ రెక్క మీది లేత గులాబీ రంగు పాలిపోయినట్టు కనిపిస్తుంది. అందుకని చెరువు గట్టుకు చేరాక రంగుల పెట్టె తెరవకుండా, ఆ రోజంతా పెన్సిల్‌తోనే గడిపాను.

ఉప్పలపాడు చెరువు ఊరికి ఆనుకునే ఉంటుంది. దాని మధ్యలో తుమ్మ చెట్లు, వాటికి తోడుగా పక్షులు గూళ్ళు కట్టుకోవడానికి వీలుగా నిలబెట్టిన కృత్రిమ చెట్లు ఉన్నాయి. ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు (పెలికాన్లు), తెల్ల కంకణాలు, చింతవక్కలు, నీటికాకులు వేల సంఖ్యలో ఈ చిన్న చెరువును పంచుకుంటాయి. కొమ్మలన్నీ రెట్టతో తెల్లబడి ఉన్నాయి. ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని గట్టు మీద ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు, బోర్డుల మీదా రాస్తారు. గూడబాతుకూ ఎర్రకాళ్ళ కొంగకూ అది వర్తించదు. ఇవి దక్షిణాసియా పక్షులు. నీరూ చేపా ఉన్న చోటును బట్టి ఇక్కడిక్కడే మారుతూ, ఇక్కడే గూడు కట్టి, ఇక్కడే పిల్లలను పెంచుతాయి. ఉత్తరాది నుంచి చలికాలం గడపడానికి వచ్చే సూదితోక బాతుల వంటివి వేరు, అవి ఇక్కడ గూడు కట్టవు. ఈ తేడా పట్టించుకోవలసినదని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే ఎక్కడి నుంచో వచ్చిన అతిథి అనుకున్న పక్షి పట్ల మనకుండే బాధ్యత, ఇక్కడే పుట్టే పక్షి పట్ల ఉండే బాధ్యతకన్న తక్కువగా తోస్తుంది.

రోజంతా దృష్టి ఎర్రకాళ్ళ కొంగ కాళ్ళ మీదే పెట్టాను. కొంగ కాలి మధ్యలో వెనక్కి మడిచే కీలును చాలామంది మోకాలు అనుకుంటారు. అది నిజానికి చీలమండ. అసలు మోకాలు ఈకల లోపల, పొట్టకు దగ్గరగా దాగి ఉంటుంది. మనకు కనిపించే ఎర్రని పొడవాటి కాలిలో కింది భాగమంతా పాదం ఎముకే. పక్షి నిలబడేది వేళ్ళ మీద. ఇది తెలిశాక, గీసేటప్పుడు కనిపించని తొడ ఎముకను కూడా మనసులో గీసుకుని, అది ముందుకు ఎంత వాలి ఉందో ఊహించి, అక్కడి నుంచి కిందికి రావాలి. అలా చేస్తేనే కాలు ఒంటి కింద సరైన చోట దిగుతుంది.

ఒంటికాలి మీద నిలబడిన కొంగను, దూరపువాటిని పెద్దవిగా చూపే స్కోప్‌లోంచి చాలాసేపు చూశాను. రెండు కాళ్ళ మీద ఉన్నప్పుడు కాళ్ళు దాదాపు సమాంతరంగా ఉంటాయి. ఒక కాలు పైకి ముడుచుకోగానే, మిగిలిన కాలు లోపలికి వాలి, వేళ్ళు సరిగ్గా ఒంటి మధ్య బిందువు కిందికి వస్తాయి, మెడ కాస్త వెనక్కి జరుగుతుంది. వాలు చిన్నదే. దాన్ని వదిలేసి కాలిని నిట్టనిలువుగా గీస్తే పక్షి పడిపోబోతున్నట్టు ఉంటుంది, చూసేవారికి ఎందుకో తెలియకపోయినా ఇబ్బంది తెలుస్తుంది.

మధ్యాహ్నానికి ఎండ పెరిగింది. ఎర్రని కాళ్ళు చాలావాటికి తెల్లగా మారాయి. వేడిమి ఎక్కువైనప్పుడు కొంగలు తమ కాళ్ళ మీదే రెట్ట వేసుకుంటాయి. ఆ తడి ఆరుతూ కాళ్ళలోని నెత్తురును చల్లబరుస్తుంది. పుస్తకాల్లోని చిత్రాల్లో ఎర్రకాళ్ళ కొంగకు ఎప్పుడూ శుభ్రమైన ఎర్రని కాళ్ళే ఉంటాయి. నిజంగా గూటి దగ్గర నిలబడి పిల్లలను కాచుకునే కొంగ కాళ్ళు అలా ఉండవు. గూళ్ళలోని పిల్లలకు నీడ కోసం తల్లో తండ్రో సూర్యుడికి వీపు పెట్టి, రెక్కలను సగం విప్పి నిలబడుతున్నాయి. వెలుగు ఆ రెక్కల గుండా దిగి, కింద పిల్లల తెల్లని నూగు మీద కొద్దిగా గులాబీ ఛాయగా పడుతోంది. ఆ ఛాయకు పుట పక్కన మాటల్లో గుర్తు రాసుకున్నాను, రంగు మరుసటి రోజుకు వాయిదా వేశాను.

గట్టు మీద గేదెలను తోలుకెళ్తున్న ఒక పెద్దాయన నా పక్కన ఆగి పుస్తకంలోకి తొంగిచూశాడు.

"ఏం గీత్తన్నారు బాబూ?"

"ఆ కొంగ కాలండీ."

"కాలొకటేనా? పిట్టేది?"

"కాలు కుదిరితే పిట్ట దానంతటదే వస్తుందండీ."

ఆయన కాసేపు స్కోప్‌లోంచి చూసి, "ఒంటికాలి మీదున్నప్పుడు అది ఎటు ఎగరాలనుకుంటే అటు తల తిప్పుద్ది, ముందు ఆ తల జూడండి" అని చెప్పి వెళ్ళాడు. తరువాత గమనిస్తే అది చాలాసార్లు నిజమైంది. కొంగ ఎగరడానికి ముందు తల తిప్పి, మెడ సాచి, ముడిచిన కాలు దించి, ఒక్క క్షణం కిందికి కుంగుతుంది. ఆ కుంగే క్షణాన్ని పట్టుకోవడానికి సాయంత్రం దాకా ప్రయత్నించాను. పుటలో దాని తాలూకు గీతలు చాలా ఉన్నాయి, ఒక రెండింటిలో కొంత కుదిరింది.

పెద్ద ఎర్రకాళ్ళ కొంగలకు గొంతు దాదాపు లేదు. ముక్కు దవడలు టకటకమని కొట్టడమే వాటి మాట. చెరువంతా నిండిన అరుపులు పిల్లలవి.

బుధవారం, ఉప్పలపాడు

పొద్దున మంచు దట్టంగా ఉంది. మంచులో కాగితం తేమ పీల్చుకుంటుంది, వేసిన రంగు ఎంతకీ ఆరదు, ఒక పూత మీద ఇంకొకటి వేస్తే రెండూ కలిసిపోతాయి. పదకొండు దాటితే దీనికి తలకిందులు: కుంచె ఎత్తేలోపే రంగు ఆరి అంచు కట్టేస్తుంది. మధ్యలో ఉన్న రెండు గంటలే నీటిరంగులకు అనువైనవి. గూడబాతులకు ఆ రెండు గంటలనూ అట్టేపెట్టాను.

ఇక్కడి గూడబాతు, ముక్కు మీద చుక్కలున్న జాతి. పై దవడ అంచు పొడవునా నీలినల్లని చుక్కల వరుస ఉంటుంది, మెడ వెనక బూడిదరంగు ఈకలు చింపిరిగా లేచి ఉంటాయి. నాలుగు నుంచి ఆరు కిలోల బరువు, విప్పితే రెండున్నర మీటర్ల దాకా రెక్కలు, అడుగు పొడవు ముక్కు. ఇంత పెద్ద పక్షి సన్నని తుమ్మకొమ్మ మీద ఎలా నిలుస్తుందన్నదే నాకు ఈ వారంలో అన్నిటికన్న ఆసక్తికరమైన ప్రశ్న. దాని ఎముకల్లో గాలి ఉంటుంది, చర్మం కింద కూడా గాలి తిత్తులు ఉంటాయి; కనిపించే పరిమాణానికి అది చాలా తేలిక. కాని తేలికైనా ఐదు కిలోలు ఐదు కిలోలే. వాలేటప్పుడు కాళ్ళు ముందుకు చాచి, రెక్కలు నిలువుగా నిలిపి, వేగమంతా చంపుకుని కొమ్మ అందుకుంటుంది. కొమ్మ కిందికి వంగుతుంది, మళ్ళీ పైకి లేస్తుంది. ఆ ఊపు ఆగేదాకా గూడబాతు రెక్కలు మూయదు. బరువును కొంచెం కొంచెంగా, కొమ్మ భరించే కొద్దీ, గాలి నుంచి కొమ్మకు అప్పగిస్తుంది. నేను పెద్ద చిత్రంలో వేయదలచుకున్నది ఈ అప్పగింతనే అని ఆ పొద్దున స్పష్టమైంది.

దాని పాదాలు చూడాలి. బాతు పాదంలో ముందున్న మూడు వేళ్ళకే పొర ఉంటుంది; గూడబాతుకు వెనక వేలుతో సహా నాలుగు వేళ్ళనూ పొర కలుపుతుంది, నీటికాకికీ అంతే. ఈదడానికి అమరిన అటువంటి పాదంతో కొమ్మను పట్టుకోవడం చూస్తే, పొర ముడతలు పడి కొమ్మకు రెండు పక్కలా వేలాడుతూ, వేళ్ళు మాత్రం చుట్టుకుని ఉంటాయి. స్కోప్‌లో అరవై రెట్లు పెంచి, ఒక్క పాదాన్నే ఒక పుటంతా గీశాను.

రంగు విషయానికి వస్తే, గూడబాతు తెల్లని పక్షి అనిపిస్తుంది గాని దాని ఒంటి మీద తెలుపు అనదగినది చాలా తక్కువ. వీపు మీద ఆకాశపు నీలం, చెట్టు వైపున్న పక్కన ఆకుల పచ్చదనం, పొట్ట కింద మాత్రం అనుకోని వెచ్చని వెలుగు. ఆ వెలుగు రెట్టతో తెల్లబడిన కొమ్మల నుంచి పైకి తిరిగి వస్తున్నదే. అల్ట్రామెరీన్ బ్లూ, బర్ంట్ సియెన్నా కలిపి పలుచని బూడిదరంగు చేసి, నీడల్లో నీలం పాలు ఎక్కువగా, పొట్ట కింద సియెన్నా పాలు ఎక్కువగా వేశాను. ఎండ తగిలే చోట కాగితాన్ని అలాగే వదిలాను. తెల్లరంగు గొట్టం నేను వెంట తీసుకెళ్ళను. నీటిరంగుల్లో వెలుగంటే వదిలిన కాగితమే.

పిల్లలకు మేత పెట్టడం చూసేవారికి కాస్త బెరుకు కలిగిస్తుంది. పుట్టినప్పుడు ఒంటి మీద ఏమీ లేని పిల్ల, కొన్ని వారాల్లో తెల్లని నూగుతో, దాదాపు సగం తల్లి అంత అవుతుంది. ఆకలి వేసినప్పుడు అది తల్లి ముక్కు సంచిలోకి, అక్కడి నుంచి గొంతులోకి తలా మెడా దూర్చేస్తుంది. పెద్దపక్షి మెడ ఆ లోపలి కదలికలకు ఉబ్బుతూ, పక్కలకు వంగుతూ, కాళ్ళు ఎడంగా పెట్టి నిలదొక్కుకుంటుంది. ఇక్కడ రెండు శరీరాలకు కలిపి ఒకే బరువు కేంద్రం. ఆ కేంద్రం పిల్ల తోసినప్పుడల్లా జరుగుతుంటే, కొమ్మ దాంతోపాటు ఊగుతుంటే, గీత ఒక్కచోట నిలవదు. అందుకని పిల్లను విడిగా, తల్లిని విడిగా గీసే ప్రయత్నం మాని, రెంటి బయటి అంచునూ ఒకే రేఖగా లాగాను. ఈ పుట నాకు మిగతావాటికన్న ఇష్టం.

ఇలా బతికి ఉన్న పక్షిని, అది తన ఇష్టప్రకారం తిరుగుతున్న చోటే గీయడం అన్ని కాలాల్లోనూ సాధ్యపడినది కాదు. జహంగీరు కొలువులో ఉస్తాద్ మన్సూర్ సైబీరియా కొంగను, ఆ జాతికి 1773లో ప్రకృతి శాస్త్రవేత్త పల్లాస్ శాస్త్రీయ వర్ణన రాయడానికి దాదాపు నూట యాభై ఏళ్ళ ముందే వేశాడు. 1770ల చివర కలకత్తాలో ప్రధాన న్యాయమూర్తి భార్య లేడీ ఇంపే కోసం పనిచేసిన షేక్ జైనుద్దీన్, భవానీదాస్, రామ్‌దాస్‌లు ఆమె తోటలో పెంచిన పక్షులను చూసి వేశారు. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ 1840లలో మద్రాసులో అచ్చువేయించిన పక్షి చిత్రాలకు కూడా దేశీయ చిత్రకారులే చేయి చేశారు. అమెరికాలో పక్షి చిత్రకారుడు ఆడుబాన్ చంపిన పక్షులకు తీగలు కట్టి, భంగిమల్లో నిలిపి గీశాడు. వారి చేతి నైపుణ్యం ముందు తలవంచవలసిందే. అయినా మంచి దుర్భిణీ లేని ఆ రోజుల్లో దూరపు పక్షి కాలి వేళ్ళు కొమ్మను ఎలా పట్టుకుంటాయో, ఆ పక్షికి తెలియకుండా గంటలకొద్దీ చూసే అవకాశం వారికి లేదు. నాకు ఉంది, దాన్ని వృథా చేయకూడదని అనుకుంటాను.

గురువారం, తెనాలి వైపు కాలువ గట్లు

గూళ్ళ చెరువు దగ్గర పక్షి కుటుంబంతో ఉంటుంది. మేత కోసం పొలంలో దిగినప్పుడు దాని ఒళ్ళు వేరేగా ఉంటుంది. దాన్ని చూడడానికి దుగ్గిరాల మీదుగా తెనాలి వైపు కాలువ గట్టున నడిచాను. మినుము చేలు, మొక్కజొన్న, మధ్యలో తడి తగ్గని బోదెలు.

ఒక బోదెలో నత్తగుల్ల కొంగ కనిపించింది. దీని పై, కింది దవడల మధ్య ఎప్పుడూ మూసుకోని సందు ఒకటి ఉంటుంది. నత్తను పట్టి, గుల్ల లోపలి కండను కోసి బయటికి లాగడానికి అనువైన ముక్కు ఇది. పిల్లలకు ఈ సందు ఉండదు, పెరిగే కొద్దీ ఏర్పడుతుంది. నత్తను నీటిలో ముంచి పట్టుకుని పనిచేస్తున్నంతసేపూ తల నీటి అంచున వంగి ఉండడం వల్ల ముఖం సరిగ్గా కనిపించలేదు. మెడ వెనక కండరాలు బిగిసిన తీరు మాత్రం గీశాను, బలమంతా అక్కడే ఉంది.

కరెంటు తీగ మీద పాలపిట్ట. కూర్చున్నప్పుడు మట్టిరంగు ఎక్కువ, ఎగిరితే రెక్కల్లో రెండు నీలాలు. ఆ నీలం రంగుపదార్థం వల్ల వచ్చింది కాదు. ఈక లోపలి సన్నని నిర్మాణం కాంతిని చెదరగొట్టడం వల్ల కనిపించేది. అందుకే ఒక గొట్టం నుంచి తీసిన నీలంతో దాన్ని ఎన్నటికీ చూపలేము. పక్కనున్న మట్టిరంగును కొంచెం మందం చేస్తే నీలం దానంతటదే వెలుగుతుంది. ఈ రోజుకు అంతే గీశాను, గాలి ఎక్కువై కాగితం నిలవలేదు.

శుక్రవారం, ఆటపాక

విజయవాడ నుంచి గుడివాడ మీదుగా కైకలూరు, అక్కడికి పక్కనే ఆటపాక. దారి పొడవునా రోడ్డుకు రెండు పక్కలా చేపల చెరువులు. ఇదంతా కొల్లేరు పరిసరం. బుడమేరు, తమ్మిలేరు నీటిని తెచ్చి పోస్తే, ఉప్పుటేరు దాన్ని సముద్రానికి తీసుకెళ్తుంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచెత్తిన బుడమేరు చివరకు చేరేదీ ఇక్కడికే. 1999లో దీన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరింది, 2006లో సరస్సు లోపలి చేపల చెరువుల గట్లను పెద్దఎత్తున తొలగించారు. ఇన్ని నిర్ణయాల మధ్య గూడబాతులు మాత్రం ఆటపాకలో నిలబెట్టిన ఇనుప మంచెల మీద గూళ్ళు కట్టుకుని, ఏటా పిల్లలను పెంచుతున్నాయి.

ఇనుప మంచె మీది గూడబాతును గీయడం చాలామంది చిత్రకారులకు ఇష్టం ఉండదు, దాన్ని చెరిపేసి చెట్టు కొమ్మ పెడతారు. నేను ఇనుమునే గీశాను. ఇనుము వంగదు; అందువల్ల వాలిన పక్షి ఉప్పలపాడులో లాగా కొమ్మ ఊపు కోసం ఎదురుచూడవలసిన పని లేదు, రెక్కలు వెంటనే మూసేస్తుంది, కాళ్ళు ఇంకొంచెం వంచి అదురును తనలోకి తీసుకుంటుంది. రెండు చోట్ల ఒకే జాతి పక్షి వాలే తీరు వేరుగా ఉందని ఒకే వారంలో పక్కపక్క పుటల్లో చూడగలిగాను. కొమ్మ పెట్టి ఇనుప మంచె భంగిమను దాని మీద నిలిపి ఉంటే బొమ్మ అబద్ధం అయ్యేది.

పడవ నడిపే కుర్రవాడు, "సార్, మంచెల దగ్గర మోటారు ఆపేస్తాను, తెడ్డేసుకుంటా పోదాం, లేకపోతే పిల్లలున్న గూళ్ళ నుంచి పెద్దవి లేచిపోతాయి" అన్నాడు. పెద్దపక్షి లేస్తే పిల్ల ఎండకు వదిలేసినట్టే. పడవలో గీత ఎలాగూ ఊగుతుంది కనుక, అక్కడ గీయడం తగ్గించి, చూసినదాన్ని మాటల్లో రాసుకున్నాను. గట్టుకు వచ్చాక గుర్రపుడెక్క మీద నడిచే జకానాలనే నీటిపక్షులను స్కోప్‌తో అందుకున్నాను. ఒంటికి సంబంధం లేనంత పొడవైన వేళ్ళు, ఆ వేళ్ళకు ఇంకా పొడవైన గోళ్ళు. బరువు అంతా అంత విస్తీర్ణంలో పరుచుకోవడం వల్లనే తేలే ఆకు మునగదు. అడుగు తీసేటప్పుడు వేళ్ళన్నీ ఒక్కచోటికి ముడుచుకుని, పెట్టేటప్పుడు విచ్చుకుంటాయి. దాని పక్కనే ఊదానీలపు బొల్లికోడి అవే వేళ్ళతో ఒక దుంపను పట్టుకుని నోటికి అందించుకుంటోంది. వేళ్ళ పుట ఒకటి అలా పూర్తయింది.

ఇక్కడికి ఎంతో దూరం కాని ఆరేడు గ్రామంలో 1946లో పక్షి పరిశీలకుడు కె.కె.నీలకంఠన్ గూడబాతుల పెద్ద గూళ్ళ గుంపును గుర్తించి వివరంగా రాశారు. తరువాతి దశాబ్దాల్లో ఆ గుంపు చెదిరిపోయింది. ఒక ఊరి చెట్ల మీద వేల పక్షులు ఎలా ఉండేవో ఆ రోజుల్లో ఎవరైనా కూర్చుని గీసి ఉంటే ఎంత బాగుండేదని ఆటపాక గట్టు మీద చాలాసేపు అనిపించింది. ఉప్పలపాడును ఇప్పుడు గీయడానికి నాకున్న తొందరకు ఇదీ ఒక కారణం.

శనివారం, విజయవాడ

పుటలన్నిటినీ గది నేల మీద పరిచి చూశాను. రంగు వేసినవాటికన్న, సగంలో ఆగిన పెన్సిల్ గీతలే పెద్ద చిత్రానికి ఎక్కువ పనికివస్తాయి. బుధవారం నాటి కొమ్మ మీద వాలే గూడబాతు మధ్యలో ఉంటుంది, రెక్కలు సగం తెరిచి, కొమ్మ ఇంకా కిందికి వంగి ఉండగానే. ఎడమ పక్కన పిల్లలకు నీడ పట్టే ఎర్రకాళ్ళ కొంగ. దాని కాళ్ళు రెట్టతో తెల్లగానే ఉంచుతాను. చిత్రం కొనేవారు ఎర్రగా వేయమని అడుగుతారని తెలుసు, ఎందుకు తెల్లగా ఉన్నాయో చెబుతాను. ఇనుప మంచె గీతలను ఈ చిత్రంలో కలపను, అవి వేరే చిత్రానికి.

ఒక్క రంగు మాత్రం లేదు. ఎగరడానికి సిద్ధమవుతున్న గూడబాతు పిల్ల ముక్కు సంచి రంగు నాకింకా దొరకలేదు. నేను చూసిన పిల్లలన్నీ నూగుతోనే ఉన్నాయి. పుట్టిన నాలుగు నెలలకు గాని అవి ఎగరవు కనుక మార్చి చివరికి కొన్నైనా ఆ దశకు వస్తాయి. చిత్రంలో కుడి పక్క కింది కొమ్మ మీద దానికి చోటు ఉంచి, పెన్సిల్‌తో అంచు మాత్రం గీసి, కాగితాన్ని పలకకు బిగించాను. మార్చిలో ఉప్పలపాడుకు మంచు ఉండదు, పొద్దున్నే రంగులు తెరవవచ్చు.